చేలోనే ఫోన్‌కు ఛార్జింగ్... చౌక సోలార్ ప్లేటును ఇలా మార్చుకోండి

వేరుసెనగ, మొక్కజొన్న చేలకు రాత్రిళ్లు అడవిపందుల కాపలా ఉండే రైతులు, మందతో ఊళ్లు తిరిగే గొర్రెల కాపరులు, ఊరికి దూరంగా పాక వేసుకుని కూరగాయలు పండించే కౌలుదార్లు... వీరందరిదీ ఒకటే ఇబ్బంది. పొద్దు గూకే సరికి సెల్‌ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది. టార్చిలైటు మిణుకుమిణుకుమంటుంది. చీకట్లో గట్టు మీద నడవాలంటే గుండె గుబుక్కుమంటుంది.

ఇది చిన్న విషయమని తీసిపారేయకండి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. అందులో అత్యధికులు పల్లె జనమే. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే మనం చేలో ఎక్కువగా ఉండే రోజుల్లోనే జరిగాయి. చేతిలో వెలిగే లైటు, జేబులో పనిచేసే ఫోను ఉంటే కాటు తప్పవచ్చు. తప్పకపోయినా 108కి కబురు అందుతుంది. ఇక మోటారుకు పెట్టుకున్న మొబైల్ స్టార్టరుకు, మార్కెట్ ధరకు, బ్యాంకు ఓటీపీకి... అన్నిటికీ ఫోనే ఆధారమన్నది మీకు తెలిసిందే.

సంతల్లోనూ, ఆన్‌లైన్ ఆర్డర్లలోనూ మూడు నాలుగు వందలకే సోలార్ ఛార్జర్లు దొరుకుతున్నాయి. చాలామంది రైతులు మోజుగా కొంటున్నారు. నెల తిరగకుండానే అవి పాకలో మూల పడుతున్నాయి. ‘ఎండలో పెడితే లైటు వెలుగుతోంది గానీ ఫోన్ ఎక్కడం లేదు’ అన్నదే అందరి ఫిర్యాదు. తప్పంతా ప్లేటుది కాదు. ప్లేటుకూ ఫోనుకూ మధ్య ఉండాల్సిన సరంజామా సరిగా లేకపోవడమే అసలు లోపం. మండల కేంద్రంలోని రేడియో, సెల్‌ఫోన్ మెకానిక్ అరపూటలో సరిచేయగల పని అది. టంకం పెట్టడం వచ్చిన కుర్రాడు ఇంట్లో ఉంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఒక మాట ముందే చెప్పుకుందాం. సాయంత్రానికి ఇంటికి చేరేవారికి, ఇంట్లో కరెంటు నికరంగా ఉన్నవారికి ఇదంతా అక్కర్లేదు. రాత్రి ఇంట్లో ఛార్జి చేసిన పవర్ బ్యాంకు ఒకటి వెంట ఉంచుకుంటే సరిపోతుంది. రోజుల తరబడి కరెంటుకు దూరంగా ఉండేవారికే ఈ ఏర్పాటు.

ముందు లెక్క తెలుసుకోండి

వోల్టు, ఆంపియరు, వాటు... ఈ మూడు మాటలు తెలిస్తే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. నీళ్ల తొట్టి ఎంత ఎత్తున ఉంటే ధారకు అంత ఊపు ఉంటుంది కదా, ఆ ఊపు లాంటిది వోల్టు. గొట్టంలో పారే నీళ్ల పరిమాణం లాంటిది ఆంపియరు. ఈ రెంటినీ హెచ్చిస్తే వచ్చేది వాటు. ఫోను అడిగేది 5 వోల్టుల ఊపు. పాత కీప్యాడ్ ఫోన్లు అర ఆంపియరుతో సరిపెట్టుకుంటాయి. టచ్ ఫోన్లు 1 నుంచి 2 ఆంపియర్లు, కొన్ని ఇంకా ఎక్కువే లాగుతాయి.

మధ్యాహ్నపు నిండు ఎండలో చదరపు మీటరు నేల మీద దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. అందులో మామూలు సోలార్ ప్లేటు కరెంటుగా మార్చగలిగేది నూటికి 15 నుంచి 20 వంతులు మాత్రమే. ఈ లెక్కన ప్లేటు మీద ప్రతి 100 చదరపు సెంటీమీటర్ల జాగాకు రెండు వాట్లు వస్తే గొప్ప. స్కేలు పెట్టి కొలవండి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు అంటే 300 చదరపు సెంటీమీటర్లు. దాని నుంచి వచ్చేది మహా అయితే 6 వాట్లు. అంత ప్లేటు మీద ‘20 వాట్లు’ అని అచ్చేసి ఉంటే అది అబద్ధమని అక్కడికక్కడే తెలిసిపోతుంది. కొలిచేటప్పుడు చుట్టూ ఉన్న చట్రాన్ని వదిలేసి, నల్లగానో నీలంగానో ఉన్న భాగాన్నే లెక్కలోకి తీసుకోండి.

వెనుక బుల్లి సోలార్ ప్లేటు అతికించిన పవర్ బ్యాంకుల సంగతీ ఇంతే. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నిండాలంటే 37 వాట్-గంటల కరెంటు కావాలి. దాని వీపున ఉన్న ప్లేటు ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర వాట్లు. మన ప్రాంతంలో రోజుకు నిండు ఎండ సుమారు 5 గంటల కింద లెక్క. అంటే అది నిండడానికి వారం పడుతుంది. పైగా బ్యాటరీని రోజంతా ఎండలో మాడ్చినట్టవుతుంది. అలాంటివి కొనడం దండగ. ప్లేటు వేరుగా, బ్యాటరీ వేరుగా ఉండాలి. ప్లేటు ఎండలో, బ్యాటరీ నీడలో.

ఏ ప్లేటు కొనాలి?

కొత్తగా కొనేవారు మడత పెట్టే గుడ్డ ప్లేట్ల జోలికి పోకుండా, అద్దం, అల్యూమినియం చట్రం ఉన్న 10 వాట్ల ‘12 వోల్టుల’ ప్లేటు తీసుకోవడం మేలు. చౌక ప్లేట్ల పైపూత ఏడాది రెండేళ్ల ఎండకే పసుపుబారి మసకేస్తుంది. అద్దం ప్లేటు ఏళ్ల తరబడి ఉంటుంది. దీని ధర సుమారు 600 నుంచి 900 రూపాయలు ఉంటోంది. ఊరిని బట్టి, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

‘12 వోల్టులు’ అన్నది పేరుకే. ఇందులో 36 సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్ దాదాపు అర వోల్టు ఇస్తుంది. అంటే పని చేసేటప్పుడు ప్లేటు నుంచి 18 వోల్టులు వస్తాయి. ఏమీ తగిలించకుండా కొలిస్తే 21, 22 వోల్టులు చూపిస్తుంది. దీన్ని నేరుగా ఫోన్‌కు కలిపితే ఫోన్ కాలిపోతుంది. 5 వోల్టులకు దించి ఇవ్వాలి.

మల్టీమీటర్‌తో పరీక్ష

200 నుంచి 300 రూపాయల్లో మల్టీమీటర్ దొరుకుతుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. ప్లేటు కొనేటప్పుడు దీన్ని వెంట తీసుకెళ్లండి.

- మధ్యాహ్నం ఎండలో ప్లేటును సూర్యుడికి ఎదురుగా పెట్టండి. మీటరు ముల్లును డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి రెండు వైర్లకూ తాకించండి. 20 నుంచి 22 వరకు చూపాలి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ఎర్ర పిన్ను తాకినది మైనస్ వైరు అని అర్థం. ప్లస్ ఏదో గుర్తు పెట్టుకోండి.
- వోల్టులు చూసి మురిసిపోవద్దు. మబ్బులోనూ వోల్టులు దాదాపు నిండుగానే కనిపిస్తాయి. అసలు బలం ఆంపియర్లలో తెలుస్తుంది. మీటరు ఎర్ర పిన్నును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ముల్లును డీసీ ఆంపియర్ల దగ్గర పెట్టి, రెండు వైర్లకూ తాకించండి. 10 వాట్ల ప్లేటైతే 0.6కు దగ్గరగా రావాలి. 0.3 చూపితే అది 5 వాట్ల సరుకే.
- పరీక్ష కాగానే పిన్నును తిరిగి వోల్టుల రంధ్రంలో పెట్టేయండి. ఈ ఆంపియర్ల పరీక్ష ప్లేటుకే చేయాలి. బ్యాటరీకి చేస్తే మీటరు కాలిపోతుంది, చెయ్యీ కాలుతుంది.

సులువైన పద్ధతి: కారు ఛార్జర్

కార్లలో సిగరెట్ లైటర్ దగ్గర పెట్టుకునే ఫోన్ ఛార్జర్ మీరు చూసే ఉంటారు. దాని మీద ‘ఇన్‌పుట్ 12-24 వోల్టులు’ అని రాసి ఉంటుంది. మన ప్లేటు ఇచ్చే 18 వోల్టులు ఆ హద్దులోనే ఉన్నాయి. లోపల ఉన్న సర్క్యూట్ దాన్ని 5 వోల్టులకు దించుతుంది. ఫోన్‌తో మాట్లాడుకుని ఎంత కరెంటు ఇవ్వాలో తేల్చుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. 150 నుంచి 250 రూపాయల్లో వస్తుంది. అది కూర్చునే సాకెట్టు మరో 50 నుంచి 80 రూపాయలు.

బిగించడం ఇలా: సాకెట్టు నడిమధ్యలో ఉండేది ప్లస్, చుట్టూ ఉండే గొట్టం మైనస్. ప్లేటు ప్లస్ వైరును నడిమి దానికి, మైనస్ వైరును చుట్టూ ఉన్నదానికి టంకం పెట్టండి. అతుకుల మీద నల్ల టేపు చుట్టండి. ఛార్జర్‌ను సాకెట్టులో దూర్చండి. దాని లైటు వెలగాలి. మొదటిసారి కొత్త ఫోన్ పెట్టకుండా, పాత కీప్యాడ్ ఫోన్‌తో పావుగంట చూడండి. బాగుంటే ఇక దిగుల్లేదు. ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం ఛార్జర్ పోతుంది. అందుకే ముందు మీటరుతో చూసుకోమన్నది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. 10 వాట్ల ప్లేటుకు ‘ఫాస్ట్ ఛార్జింగ్’ అని రాసిన ఛార్జర్ పెట్టకండి. ప్లేటు ఇవ్వగలిగిన దానికన్నా ఫోన్ ఎక్కువ లాగితే ప్లేటు వోల్టులు ఒక్కసారిగా పడిపోతాయి. ఛార్జింగ్ ఆగిపోతుంది. భారం తగ్గగానే వోల్టులు మళ్లీ లేస్తాయి. ఫోన్ మళ్లీ లాగుతుంది, మళ్లీ పడిపోతుంది. రోజంతా ఇదే తంతు. బోరులో ఊరే నీటికన్నా పెద్ద మోటారు పెడితే గాలి పీల్చినట్టే ఇదీ. రెండు రంధ్రాలున్న ఛార్జర్ అయితే 1 ఆంపియరు అని రాసిన దాంట్లోనే ఫోన్ పెట్టండి. నెమ్మదిగా ఎక్కినా నికరంగా ఎక్కుతుంది.

కొందరు మెకానిక్‌లు 7805 అనే మూడు కాళ్ల ఐసీ వేసి ఇస్తారు. పది, ఇరవై రూపాయల్లో పని అయిపోతుంది గానీ, 18 వోల్టులలో 5 మాత్రమే ఫోన్‌కు అందుతాయి. మిగిలిన 13 వేడి రూపంలో వృథా. రూపాయికి 28 పైసలు దక్కినట్టు! అదే ఎల్‌ఎం 2596 అనే చిన్న బోర్డు వేస్తే రూపాయికి ముప్పావలా పైనే దక్కుతుంది. ధర వంద రూపాయల లోపే. దాని మీద ఉన్న చిన్న స్క్రూ తిప్పి, మీటరు చూస్తూ 5 వోల్టులకు సరిచేసి, ఆ తర్వాతే ఫోన్ పెట్టాలి. స్క్రూ కదలకుండా చుక్క గోళ్లరంగు వేస్తే సరి.

పాత 6 వోల్టుల ప్లేట్లుంటే...

సోలార్ లాంతర్ల నుంచి తీసిన 6 వోల్టుల ప్లేట్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. వీటిలో 12 సెల్స్ ఉంటాయి. ఎండకు వేడెక్కితే 5 వోల్టుల దగ్గరకు పడిపోతాయి. ఏ దించే బోర్డూ అంత తక్కువ దగ్గర సరిగా పనిచేయదు. ఒకే వాట్లున్న రెండు ప్లేట్లు తీసుకుని, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలపండి. మిగిలిన రెండు వైర్ల మధ్య 12 వోల్టులు వస్తాయి. వాటికి పైన చెప్పిన ఎల్‌ఎం 2596 బోర్డు పెట్టుకోవచ్చు. ఒకటి 3 వాట్లు, ఇంకొకటి 1 వాటు అయితే ఈ జోడీ కుదరదు. బక్క ఎద్దు నడకే కాడికి నడక అన్నట్టు చిన్న ప్లేటు ఇచ్చినంత కరెంటే వస్తుంది.

యూఎస్‌బీ రంధ్రం ఉన్న మడత ప్లేట్లు

ఇప్పటికే ఇలాంటివి కొన్నవారు పారేయక్కర్లేదు. మూడు మార్పులు చేసుకోండి.

మొదటిది, కొలత. ఎండలో పెట్టి యూఎస్‌బీ రంధ్రం అంచుల్లోని రెండు పిన్నుల మధ్య వోల్టులు చూడండి. మెకానిక్ దగ్గర చిన్న యూఎస్‌బీ మీటరు ఉంటే ఇంకా సులువు. 5.5 దాటి చూపితే అందులో అదుపు చేసే సర్క్యూట్ లేనట్టే. దానికి ఫోన్ తగిలించకండి.

రెండోది, నడిమి పిన్నులు. యూఎస్‌బీ రంధ్రంలో నాలుగు పిన్నులుంటాయి. అంచుల్లోని రెండూ కరెంటువి. మధ్యలోని రెండూ ఫోన్, ఛార్జర్ ఒకదాన్నొకటి గుర్తు పట్టడానికి. చౌక రకాల్లో ఈ రెంటినీ గాలికి వదిలేస్తారు. అప్పుడు ఫోన్ అనుమానపడి తక్కువ కరెంటే తీసుకుంటుంది, లేదా అసలు తీసుకోదు. పెట్టె విప్పి, మధ్య రెండు పిన్నులను ఒకదానితో ఒకటి టంకంతో కలిపేస్తే చాలా ఫోన్లు దాన్ని ఛార్జర్‌గా గుర్తిస్తాయి. పొరపాటున కూడా అంచు పిన్నులు వాటికి తగలకూడదు. చెయ్యి తిరిగిన సెల్‌ఫోన్ మెకానిక్‌తో చేయించడం మంచిది.

మూడోది, వెన్నుదన్ను. సెల్ మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. గుడ్డ వంగినప్పుడల్లా పటపట పగుళ్లిస్తుంది. పగులు కంటికి కనిపించదు, కరెంటు మాత్రం తగ్గుతుంది. అందుకే ఒక్కో మడత వెనుక సన్నని ప్లైవుడ్ చెక్కో, అల్యూమినియం రేకో సిలికాన్ గమ్ముతో అతికించండి. వైరు బయటికి వచ్చేచోట కూడా అదే గమ్ము దట్టంగా పెట్టండి. ఎక్కువ ప్లేట్లు చెడేది అక్కడ వైరు ఊడిపోయే. యూఎస్‌బీ రంధ్రానికి పాత సైకిల్ ట్యూబు ముక్కను మూతలా కట్టుకుంటే మంచు, మట్టి దూరవు.

మబ్బు వస్తే ఏం చేయాలి?

ఎండ, మబ్బు దోబూచులాడే రోజుల్లో ఫోన్‌ను నేరుగా ప్లేటుకు పెడితే లాభం లేదు. ఛార్జింగ్ పోయి వచ్చినప్పుడల్లా ఫోన్ తెర వెలుగుతుంది. ఎక్కిన కాస్తా తెరకే ఖర్చవుతుంది. పగలంతా పవర్ బ్యాంకును నింపి, సాయంత్రం దాని నుంచి ఫోన్‌కు ఎక్కించుకోండి. ఇదే అన్నిటికన్నా నికరం.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే 12 వోల్టుల, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ, దానికి సోలార్ ఛార్జ్ కంట్రోలర్ పెట్టుకోవచ్చు. చిన్న కంట్రోలర్ మూడు నాలుగు వందల్లో వస్తుంది. చాలావాటికి యూఎస్‌బీ రంధ్రం కూడా ఉంటుంది. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్లేటు, తర్వాత బ్యాటరీ. బ్యాటరీ ప్లస్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం మరిచిపోవద్దు. ఈ బ్యాటరీని సగానికి మించి వాడేయకుండా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

టార్చిలైటు విషయంలో ప్రాణాపాయం ఉంది!

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మన ఊళ్లలో దొరికే చౌక ఛార్జింగ్ టార్చిలైట్లలో 4 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. 6 వోల్టుల, 1 వాటు ప్లేటుతో ఒక రోజు ఎండలో ఇది నిండుతుంది. ప్లేటు ప్లస్‌కూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య 1ఎన్ 5819 అనే డయోడు పెట్టాలి. వెండి గీత ఉన్న కొస బ్యాటరీ వైపు ఉండాలి. ఖరీదు ఐదు రూపాయలు. ఇది లేకపోతే రాత్రి బ్యాటరీలోని కరెంటు వెనక్కి ప్లేటులోకి పోతుంది. సాయంత్రం కాగానే ప్లేటు తీసేయండి. నిండిన తర్వాత కూడా రోజుల తరబడి అలాగే ఉంచితే బ్యాటరీ ఎండిపోతుంది.

అయితే ఈ టార్చిలకు కరెంటు ప్లగ్గు కూడా ఉంటుంది. చౌక రకాల్లో లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇంటి 230 వోల్టుల కరెంటు ఒక కెపాసిటర్ గుండా నేరుగా బ్యాటరీకి వస్తుంది. మీరు సోలార్ కోసం బయటికి తీసిన వైర్లు ఉండగా దాన్ని గోడ ప్లగ్గులో పెడితే, ఆ వైర్లలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. పిల్లలు పట్టుకుంటే ఇంకేమైనా ఉందా! అందుకని సోలార్‌కు మార్చిన టార్చికి ఉన్న కరెంటు ప్లగ్గు పిన్నులను లోపలి నుంచి కత్తిరించి తీసేయండి. రెండూ ఉంచుకోవాలన్న ఆశ వద్దు.

లిథియం బ్యాటరీ ఉన్న టార్చిలు మరో రకం. లిథియం సెల్ 4.2 వోల్టులు దాటితే ఉబ్బుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. దాన్ని ప్లేటుకు నేరుగా ఎప్పుడూ కలపకండి. టీపీ 4056 అనే బోర్డు నలభై, యాభై రూపాయల్లో దొరుకుతుంది. 5 వోల్టులు తీసుకుని, సెల్ నిండగానే తనంతట తానే ఆపుతుంది. కారు ఛార్జర్ నుంచి దీనికి కరెంటు ఇవ్వండి. ఉబ్బిన సెల్‌ను బాగుచేసే ప్రయత్నం మానుకోండి.

మందు కొట్టే స్ప్రేయర్‌కు సరిపోతుందా?

చాలామంది రైతులు అడిగే ప్రశ్న ఇది. బ్యాటరీ స్ప్రేయర్లలో ఎక్కువగా 12 వోల్టుల, 8 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అది పూర్తిగా నిండాలంటే 96 వాట్-గంటలు కావాలి. 10 వాట్ల ప్లేటు రోజుకు ఇచ్చేది వేడి, దుమ్ము, తరుగు పోను 30 నుంచి 35. అంటే మూడు రోజులు. 40 వాట్ల ప్లేటుతో అయితే ఒక్క ఎండకే నిండుతుంది. సీసం బ్యాటరీ అయితే ఛార్జ్ కంట్రోలర్ ద్వారానే ఎక్కించండి. కొత్త స్ప్రేయర్లలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వాటికి సీసం బ్యాటరీ కంట్రోలర్ పనికిరాదు. బ్యాటరీ మీద ఏమి రాసి ఉందో చదివి, తెలియకపోతే అమ్మిన దుకాణంలో అడిగి తెలుసుకోండి.

పంపును తోయలేక స్ప్రేయర్ నుంచి తీసేసిన పాత సీసం బ్యాటరీ ఉందా? పంపు రెండు మూడు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి చాలదు. చిన్న 12 వోల్టుల ఎల్ఈడీ బల్బుకు పావు ఆంపియరు చాలు. పాకలో రాత్రి దీపానికి ఇంకొన్నాళ్లు ఉపయోగపడుతుంది.

10 వాట్లతో రోజుకు ఏమేం ఎక్కుతాయి?

టచ్ ఫోన్ ఒకటి (5,000 ఎంఏహెచ్) నిండడానికి తరుగుతో కలిపి 22 నుంచి 25 వాట్-గంటలు. కీప్యాడ్ ఫోన్ ఒకటికి 5. చిన్న టార్చికి మరో 5. ఈ మూడూ కలిపితే ఒక రోజు ఎండ సరిపోతుంది. ముసురు పట్టిన రోజున ఇందులో పదో వంతు, ఐదో వంతు వస్తే గొప్ప. వానాకాలంలో కీప్యాడ్ ఫోన్ ఒకటి దగ్గర ఉంచుకోవడం అందుకే తెలివైన పని. ఒకసారి నిండితే రోజుల తరబడి నిలుస్తుంది.

పెట్టే తీరులోనే సగం ఫలితం

- ప్లేటు మీద ఏ నీడా పడకూడదు. 36 సెల్స్ ఒకే వరుసలో ఉంటాయి. పంట కాలువలో ఒక్కచోట మట్టి పూడితే కింది మడులన్నీ ఎండినట్టు, ఒక్క సెల్ మీద మామిడాకు నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది.
- ప్లేటును ఒకేచోట కదలకుండా బిగించేవారు దక్షిణానికి వాలుగా పెట్టండి. మన రెండు రాష్ట్రాలకూ 15 డిగ్రీల వాలు బాగుంటుంది. అడుగు పొడవున్న ప్లేటుకు ఉత్తరం అంచు కింద మూడంగుళాల ఎత్తు పెడితే ఆ వాలు వస్తుంది. చేలోనే ఉండేవారు ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు తిప్పుకుంటే ఇంకాస్త ఎక్కువ వస్తుంది.
- వేడి ప్లేటుకు శత్రువు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి వందకు 0.4 వంతు తగ్గుతుంది. ఎండాకాలంలో ప్లేటు 65 డిగ్రీలకు కాగితే నూటికి 16 వంతులు పోయినట్టే. రేకుల మీద పరిచేయకుండా కింద గాలి ఆడేలా రెండు కర్రల మీద పెట్టండి.
- పొడుగు వైరు కావలసివస్తే 18 వోల్టుల వైపే పొడిగించండి. సన్న వైరుతో 10 మీటర్లు 5 వోల్టులు పంపితే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోయి ఫోన్ ఎక్కదు. అదే వైరులో 18 వోల్టులు పంపితే పోయేది ఒక వోల్టు లోపే. కారు ఛార్జర్ ఎప్పుడూ ఫోన్ పక్కన, నీడలో ఉండాలి.
- ఫోన్‌ను, పవర్ బ్యాంకును ఎండలో పెట్టి ఛార్జి చేయకండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ చేటు. మూత పెట్టిన డబ్బాలో కాకుండా గాలి ఆడే గుడ్డ సంచిలో వేసి నీడన వేలాడదీయండి.
- వారానికోసారి తెల్లవారుజామునో, చల్లబడ్డాకనో తడిగుడ్డతో తుడవండి. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. ఉప్పు బోరు నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. తాగే నీళ్లే వాడండి. మందు కొట్టే రోజున ప్లేటు మీద గోనెసంచి కప్పండి.
- ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ప్లేటు వైరు తీసేసి లోపల పెట్టుకోండి.

ఖర్చు ఎంత?

10 వాట్ల ప్లేటు, కారు ఛార్జర్, సాకెట్టు, ఐదు మీటర్ల వైరు, మెకానిక్ కూలీ అన్నీ కలిపి వెయ్యి నుంచి పదమూడు వందల రూపాయల్లో అయిపోతుంది. పాత ప్లేటు ఉన్నవారికి ఐదు వందల లోపే. ఒకేసారి అంత పెట్టలేనివారు ముందు ప్లేటు, కారు ఛార్జర్‌తో మొదలుపెట్టి, పంట డబ్బు వచ్చాక పవర్ బ్యాంకో, బ్యాటరీయో కలుపుకోవచ్చు. కంట్రోలర్ లేకుండా మాత్రం బ్యాటరీ పెట్టకండి. కొనే ప్రతి వస్తువుకూ బిల్లు అడగండి. ప్లేటు మీద రాసిన వాట్లను అమ్మేవారి ఎదుటే కొలవండి. మీ చేతిలో మీటరు చూస్తే దుకాణదారు కూడా మంచి సరుకే తీసి ఇస్తాడు.

తొలకరికి ముందే ఈ పని పూర్తి చేసుకుంటే, విత్తనం వేసే నాటికి రాత్రి చేలోకి వెళ్లే ప్రతి మనిషి చేతిలో నిండుగా వెలిగే లైటు ఉంటుంది.